జీబ్రా చారల మీద గుమ్మడికాయ

తిరువూరులో రోడ్డు మీద జీబ్రా చారలు గీయించిన మొట్టమొదటి మనిషిని నేనేనని జగన్నాథరావు కొంతకాలం కనబడ్డవాడికల్లా చెప్పుకున్నాడు. ఆ తర్వాత ఎవరైనా ఆ ఊసెత్తితే మాట మార్చడం మొదలుపెట్టాడు. ఈ రెండింటి మధ్యా ఏం జరిగిందో చెప్పాలంటే ముందు మనవాడి గురించి రెండు ముక్కలు చెప్పుకోవాలి.

డెబ్భై నాలుగులో అతనికి ఇరవై ఎనిమిదేళ్ళు. డిప్లొమా చదివి, రోడ్ల శాఖలో సూపర్‌వైజరుగా చేరి, వాళ్ళనీ వీళ్ళనీ పట్టుకుని సొంత ఊరికే పోస్టింగు వేయించుకున్నాడు. సొంత ఊళ్ళో ఉద్యోగమంటే కొత్తల్లుడి మర్యాద జరుగుతుందనుకున్నాడు పాపం. చెడ్డీ జారిపోతుంటే పైకి లాక్కుంటూ తిరిగిన రోజులనుంచీ చూస్తున్నవాళ్ళు సూపర్‌వైజరు గారూ అని ఎందుకంటారు? "హనుమాయమ్మ కొడుకువి కదూ, మా ఇంటి ముందు గుంట ఎప్పుడు పూడుస్తావురా" అనేవాళ్ళు. ఆ గుంట పంచాయతీదనీ, తన శాఖకి సంబంధం లేదనీ చెప్పబోతే, మీ అమ్మతో చెబుతానుండు అనేవాళ్ళు.

ఆ బెదిరింపు ఊరికే పోయేది కాదు. తండ్రి చిన్నప్పుడే పోతే, మామిడితోట చూసుకుంటూ హనుమాయమ్మ ఒక్కగానొక్క కొడుకుని పైకి తెచ్చింది. శకునం, వర్జ్యం, దిష్టి, ఏ విషయంలో అనుమానం వచ్చినా ఊళ్ళో ఆడవాళ్ళు పంతులుగారి కంటే ముందు ఆమె దగ్గరికే వచ్చేవాళ్ళు. ఎదురొచ్చిన పిల్లి కూడా హనుమాయమ్మని చూసి ఓ అడుగు వెనక్కి వేస్తుందని చెప్పుకునేవాళ్ళు. జగన్నాథరావు మాత్రం ఇలాంటివి నమ్మడు. నమ్మడని అతనే అందరికీ చెప్పేవాడు. బల్లి మీద పడితే పెద్దగా నవ్వేసేవాడు. ఆ తర్వాత ఎవరూ చూడకుండా వెళ్ళి తలమీంచి నీళ్ళు పోసుకునేవాడు.

విజయవాడ నుంచి భద్రాచలం పోయే రోడ్డులోకి గంపలగూడెం రోడ్డు వచ్చి కలిసే చోట మూడు దార్ల కూడలి ఉంది. బస్సులూ, మామిడికాయల లారీలూ, పత్తి బళ్ళూ అన్నీ ఆ మలుపులోంచే పోవాలి. కూడలికి ఇవతల కూలిజనం ఉండే పేట. అవతల అంతోనమ్మ టీచరు నడిపే చిన్న పిల్లల బడి. ఆ ఏడాది పెసలు కోసే రోజుల్లో, పేటలో ఉండే పుల్లమ్మ మనవరాలు బడికి పోతుంటే మలుపులో లారీ కొట్టింది. పిల్ల ప్రాణం దక్కింది గానీ కాలు విరిగింది. కట్టు విప్పాక కూడా చేతికర్ర సాయంతోనే నడిచేది.

లారీ కొట్టిన వారమే అంతోనమ్మ టీచరు జగన్నాథరావు ఆఫీసుకి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"పిల్లలు సగానికి సగం మానేశారండి. ఏళ్ళ తరబడి ఇంటింటికీ తిరిగి బతిమాలి తెచ్చుకున్న పిల్లలు. చదువు లేకపోతే కూలి చేసుకుని బతుకుతారు, కాళ్ళు లేకపోతే ఎట్టా బతుకుతారు అంటున్నారు తల్లులు. వాళ్ళకేం చెప్పను? ఆ రోడ్డు దాటే ఏర్పాటేదన్నా మీరు చెయ్యకపోతే నేను బడి మూసుకోవడమేనండి" అంది.

అంతవరకూ గుంటలు పూడ్చమని తప్ప ఇంకేమీ అడగని ఊళ్ళో, ఒక మనిషి వచ్చి తన శాఖ పనే తనని అడిగేసరికి జగన్నాథరావు గుండె పొంగింది. చేస్తానండీ అన్నాడు. చేశాడు కూడా, ఆ మాట ఒప్పుకోవాలి. రోడ్డు భద్రతా వారోత్సవాలు వస్తున్నాయి కదా అని పైవాళ్ళకి రాశాడు, విజయవాడ వెళ్ళి పెద్ద ఇంజనీరు గారి గది ముందు బల్ల మీద పూటల తరబడి కూర్చున్నాడు. చివరికి రోడ్లకి వేసే తెల్ల రంగు డబ్బాలు బస్సు టాపు మీద వేసుకుని, దారి పొడుగునా కిటికీలోంచి మెడ బయటపెట్టి వాటిని చూసుకుంటూ వచ్చాడు.

గ్యాంగు మేస్త్రీ ఏసోబు తాడు పట్టి, సుద్దతో గీతలు కొట్టి, చారల మధ్య కూర్చుని రంగు వేశాడు. పక్కనే గొడుగు వేసుకుని జగన్నాథరావు నిలబడ్డాడు. తారు మీద తెల్లగా చారలు తేలుతుంటే మలుపు పక్కనున్న సోడా కొట్టు దగ్గర జనం పోగయ్యారు. విజయవాడలో కూడా ఇంత తెల్లగా లేవన్నాడొకడు. వెన్నముద్దల్లా ఉన్నాయన్నాడు ఇంకొకడు. ఎ.కొండూరు నుంచి వచ్చిన పెద్దమనిషి అయితే బస్సు వదిలేసుకుని మరీ చూశాడు. జగన్నాథరావుకి ఒక పక్క ఛాతీ ఉబ్బుతోంది, ఇంకో పక్క లోపల ఎక్కడో కలుక్కుమంటోంది.

ఆ రాత్రి అన్నం పెడుతూ హనుమాయమ్మ అంది: "ఊరంతా నీ చారల మాటేరా. అంతమంది కళ్ళు పడ్డాయి. నరుడి దృష్టికి నల్లరాయి పగులుతుందంటారు."

"అవన్నీ మూఢనమ్మకాలమ్మా" అన్నాడు జగన్నాథరావు. కానీ రోడ్డు వేసేది నల్లరాయితోనే కదా. సగం అన్నం వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు.

మర్నాడు ఊరి పెద్దల చేత రిబ్బను కత్తిరించే ముందు, ఎవరూ అడక్కుండా, ఎవరూ చెప్పకుండా, మనవాడే ఒక బూడిద గుమ్మడికాయ తెప్పించాడు. బొడ్డు కోయించి లోపల కుంకం పోయించాడు, పైన కర్పూరం వెలిగించాడు. చారల చుట్టూ తిప్పించి, సరిగ్గా నడిమి చార మీద పెట్టి భళ్ళున పగలగొట్టించాడు. జనం చప్పట్లు కొట్టారు. ఇంటి ముందు కొడితే అది ఇంటికి తీసిన దిష్టి. మూడు దార్లు కలిసే చోట, నడిరోడ్డు మీద, కుంకంతో ఎర్రగా చిందిన గుమ్మడికాయ ముక్కల్ని చూస్తే తెలుగు పుటక పుట్టినవాడు ఎవడైనా ఏం చేస్తాడు? పక్కనుంచి చుట్టు తిరిగి పోతాడు. పాలు తాగే పిల్లకి కూడా తెలిసిన ఈ సంగతి డిప్లొమా చదివిన జగన్నాథరావుకి ఆ పూట తట్టలేదు.

వారం తిరక్కుండానే అంతోనమ్మ టీచరు మళ్ళీ వచ్చింది.

"చారల మీద ఒక్కళ్ళూ కాలు పెట్టట్లేదండి" అంది.

"ఎందుకు పెట్టరు? అవి పెట్టడానికే గీయించాం."

"గుమ్మడికాయ కొట్టించారు కదండీ. దిష్టి తొక్కితే జొరం వస్తుందని తల్లులు గట్టిగా చెప్పి పంపుతున్నారు. నేను ముందు నడిచి చారల అంచు దాకా వచ్చి, వెనక్కి తిరిగి చూస్తే నా వెనక ఎవరూ లేరు. అంతా సోడా కొట్టు పక్కనుంచి మలుపులోంచి పరిగెత్తుకొస్తున్నారు. అక్కడైతే వచ్చే బండి కనపడనే కనపడదు. ఇదివరకే నయమండి, తిన్నగా దాటేవాళ్ళు."

"మీ పేటలో అంతా చర్చికి వెళ్ళేవాళ్ళే కదండీ. వాళ్ళకేం దిష్టి?"

"ప్రభువు ప్రభువే, గుమ్మడికాయ గుమ్మడికాయే అంటున్నారండి" అంది అంతోనమ్మ. మళ్ళీ తనే, "అడిగానని ఏమీ అనుకోకండి. మీరు ఆ చారల మీద దాటారా?" అంది.

"రోజూ దాటుతున్నానండీ" అన్నాడు జగన్నాథరావు ఠక్కున.

ఆమె వెళ్ళిపోయాక కుర్చీలో కూర్చుని తీరిగ్గా ఆలోచిస్తే, తను రోజూ ఇంటికి పోతూ సోడా కొట్టు దగ్గర ఎందుకు ఆగుతున్నాడో అప్పుడు తెలిసొచ్చింది. దాహం వేసి కాదు. చారల్ని తప్పించుకుని తిరిగి వెళ్ళడానికి ఆ కొట్టు దారిలో పడుతోంది. తన ముఖాన తనే ఉమ్మేసుకోవాలనిపించింది.

కడిగించాడు. ఏసోబు చారల మీద కాలు పెట్టకుండా, కర్రకి కట్టిన కొబ్బరి పీచుతో రుద్ది రుద్ది నీళ్ళు కుమ్మరిస్తే ముక్కలు పోయాయి గానీ, కుంకం తెల్లరంగులోకి ఇంకిపోయి నడిమి చార గులాబీ రంగుకి తిరిగింది. కడిగారంటేనే అందులో ఏదో ఉందన్నమాట అన్నారు ఊళ్ళో జనం. మళ్ళీ రంగు వేద్దామంటే డబ్బాలు అయిపోయాయి. పోనీ జనం చూస్తుండగా నువ్వు ఒకసారి దాటరా అని ఏసోబుని బతిమాలాడు.

"నేనా సార్?"

"గీసింది నువ్వే కదా. రోజంతా వాటి మధ్యనే కూచున్నావు కదా."

"కూచున్నానండి. అప్పుడు గుమ్మడికాయ లేదు గదండి" అన్నాడు ఏసోబు.

ఇంతటితో అయినా బాగుండేది. పుండు మీద కారంలా బస్సుల సంగతి బయటపడింది. భద్రాచలం బస్సు నడిపే వీరరాఘవయ్య, రేడియేటరు ముందు నిమ్మకాయలూ మిరపకాయలూ కట్టనిదే బండి కదిలించని మనిషి. కూడలి దగ్గరికి రాగానే బస్సుని ఎడంవైపు మట్టి మార్జిన్లోకి దించి, చారలకి చక్రం తగలకుండా సోడా కొట్టుని రాసుకుంటూ పోతున్నాడు. అతన్ని చూసి మిగతావాళ్ళూ అదే దారి పట్టారు. జగన్నాథరావు బస్సు ఆపి నిలదీశాడు.

"బండిలో ఇంతమంది ప్రాణాలున్నాయి సార్" అన్నాడు వీరరాఘవయ్య స్టీరింగు మీద చెయ్యి తియ్యకుండా. "దిష్టి మీద చక్రం పోనిచ్చి, పైన ఎక్కడో ఘాట్‌లో బ్రేకు పడకపోతే మీరొచ్చి తొక్కుతారా?"

అంటే లెక్క ఏమిటి? మనుషులు చారల్ని తప్పించుకుని మార్జిన్లోకి పోతున్నారు. బస్సులు చారల్ని తప్పించుకుని అదే మార్జిన్లోకి దిగుతున్నాయి. జనం భద్రంగా దాటడానికని జగన్నాథరావు తెల్లగా గీయించిన చోట కుక్కలు తప్ప ఎవరూ లేరు. బళ్ళన్నిటినీ పిల్లలందరినీ ఏరి ఒక్కచోటికి చేర్చిన ఘనత రోడ్డు భద్రత చరిత్రలో నాదేనని ఆ రాత్రి మంచం మీద పడుకుని అనుకున్నాడు. నవ్వొచ్చింది. ఆ తర్వాత పుల్లమ్మ మనవరాలి చేతికర్ర గుర్తొచ్చి నవ్వు పోయింది.

శనివారం సాయంత్రం బడి వదిలే వేళకి అతను సోడా కొట్టు దగ్గరే ఉన్నాడు. పేటలోంచి తల్లులు కొందరు పిల్లల కోసం వచ్చి ఇవతలే నిలబడ్డారు. పిల్లలు ఎప్పటిలాగే చారల్ని వదిలేసి మలుపులోకి వచ్చారు. అప్పుడే భద్రాచలం బస్సు వచ్చింది. వీరరాఘవయ్య అలవాటు ప్రకారం మార్జిన్లోకి తిప్పాడు. అంతోనమ్మ టీచరు కేకవేసి అందినవాళ్ళని అందినట్టు రెక్క పట్టుకుని వెనక్కి లాగింది. బ్రేకు కీచుమంది. దుమ్ము లేచిపోయింది.

దుమ్ము అణిగాక చూస్తే పిల్లలందరూ ఉన్నారు. పుల్లమ్మ మనవరాలి పలక మాత్రం ముందు చక్రం కింద ముక్కలైపోయి ఉంది. ఆ పిల్ల ఏడవట్లేదు, పలకనే చూస్తోంది.

పుల్లమ్మ పరిగెత్తుకెళ్ళి మనవరాలిని చంకనేసుకుంది. "ఇంక బడొద్దు, గిడొద్దు. టీచరమ్మా, మళ్ళీ మా ఇంటికి రావాకు" అంది. మిగతా తల్లులూ తలలూపారు. అంతోనమ్మ చెంగుతో ముఖం తుడుచుకుని జగన్నాథరావు వైపు చూసింది.

తిట్టినా బాగుండేది. ఆ చూపు తట్టుకోలేక అతను సోడా బుడ్డి బల్ల మీద పెట్టేసి తిన్నగా చారల దగ్గరికి నడిచాడు. అంచు దాకా ధాటీగానే వెళ్ళాడు. అక్కడ కాలెత్తాడు. ఎత్తిన కాలు దిగలేదు. డిప్లొమా కాలు దిగమంటోంది, హనుమాయమ్మ కొడుకు కాలు ససేమిరా అంటోంది. ఊరంతా చూస్తుండగా సూపర్‌వైజరు గారు కొంగలా ఒంటికాలి మీద నిలబడ్డాడు. ఆఖరికి కళ్ళు గట్టిగా మూసుకుని, చచ్చినా బతికినా ఇదే అనుకుని, వెళ్ళి గులాబీ రంగు చార మీద రెండు కాళ్ళూ పెట్టాడు.

కళ్ళు తెరిచాడు. ఏమీ కాలేదు.

"చూడండి, నేను తొక్కాను. నాకేం కాలేదు. రండి పిల్లలూ, దాటండి" అన్నాడు.

ఒక్కళ్ళూ కదల్లేదు. అయ్యో, చేతికందొచ్చిన పిల్లాడు అన్నట్టు చూశారు. ఎవరో వెళ్ళి చెప్పినట్టున్నారు, కూడలికి నాలుగిళ్ళ అవతలున్న ఇంట్లోంచి హనుమాయమ్మ శనగపిండి చేతులతోనే వచ్చింది. చెప్పులు కూడా లేవు. జనం పక్కకి తప్పుకుని దారిచ్చారు. ఆమె చారల అంచు దగ్గర ఆగింది.

"తొక్కావా?" అంది.

"తొక్కానమ్మా."

"రెండు కాళ్ళతోనా?"

"రెండు కాళ్ళతోనూ."

"నీకేం పోయేకాలంరా?"

"గుమ్మడికాయ కొట్టించింది నేనే కదమ్మా" అన్నాడు జగన్నాథరావు. "నా చారలకి దిష్టి తగులుతుందని కొట్టించాను. ఇప్పుడు దానికి భయపడి పిల్లలు బస్సు కింద పడబోయారు. పుల్లమ్మ మనవరాలు బడి మానేస్తోంది. నేనిక్కణ్ణించి కదలను."

హనుమాయమ్మ కొడుకుని చూసింది. చేతికర్ర పట్టుకుని అమ్మమ్మ చంకలో ముడుచుకున్న పిల్లని చూసింది. చక్రం కింద పలక ముక్కల్ని చూసింది. ఆమె మొహం ఎప్పుడూ అలా పాలిపోగా జగన్నాథరావు చూడలేదు. పిండి చేతులు చీరకి తుడుచుకుని జనం వైపు తిరిగింది.

"దిష్టి మొదట తొక్కినవాడికే అంటుకుంటుంది" అంది. అందరికీ వినపడింది. "అంటుకోవాల్సింది నా కొడుక్కి అంటుకుంది. ఇంక అక్కడ ఏమీ లేదు. పిల్లల్ని దాటించుకోండి."

ఆ మాట ఇంకెవరన్నా అని ఉంటే ఊరు నవ్వి ఊరుకునేది. అన్నది హనుమాయమ్మ. అదీ ఒక్కగానొక్క కొడుకు మీద అంది. పుల్లమ్మ చాలాసేపు ఆమె మొహంలోకి చూసి, మనవరాలిని కిందికి దించింది. ఆ పిల్ల కర్ర టకటకమనిపిస్తూ చారల మీద నడిచింది. మధ్యలో జగన్నాథరావు నిలబడి ఉంటే అతన్ని తగలకుండా కాస్త ఎడంగా జరిగి మరీ నడిచింది. దాని వెనక మిగతా పిల్లలు, వాళ్ళ వెనక అంతోనమ్మ టీచరు. ఒక్కొక్కరూ అతన్ని తప్పించుకునే దాటారు. ఎంతైనా దిష్టి అంతా ఇప్పుడు అతనిలోనే ఉంది కదా.

బస్సులోంచి వీరరాఘవయ్య తల బయటపెట్టాడు. "అమ్మగారండీ, అయితే నేనూ ఇటే పోనివ్వొచ్చాండీ?"

"పిల్లలు దాటేదాకా ఆగి పో" అంది హనుమాయమ్మ.

ఆగాడు. అలా తిరువూరు జీబ్రా చారల దగ్గర మొదటి బస్సు ఆగింది.

దీపాలు పెట్టే వేళకి హనుమాయమ్మ కొడుకుని గుమ్మం ముందు కూర్చోబెట్టి ఉప్పూ మిరపకాయలూ తిప్పింది. చాలక, పళ్ళెంలో పసుపూ సున్నం కలిపి ఎర్రనీళ్ళు తిప్పింది. ఇలాంటివి నమ్మని జగన్నాథరావు చేతులు కట్టుకుని బుద్ధిగా కూర్చున్నాడు.

"అమ్మా, నిజంగా మొదటివాడికే అంటుకుంటుందా?"

"ఏమోరా. నాకేం తెలుసు" అంది హనుమాయమ్మ. "ఏదో ఒకటి చెప్పకపోతే ఆ పిల్లలు దాటరు గదా."

జగన్నాథరావుకి కళ్ళనీళ్ళు తిరిగాయి. నమ్మనివాడు ఒక చార తొక్కడానికే ఒంటికాలి మీద అంతసేపు నిలబడ్డాడు. నమ్మిన మనిషి ఉన్న ఒక్క కొడుకునీ దిష్టికి ఇచ్చేసి వచ్చింది. అమ్మ కాళ్ళు పట్టుకోవాలనిపించింది గానీ, ఈలోగా ఆమె పళ్ళెం అతని చేతిలో పెట్టేసింది.

"వెనక్కి తిరిగి చూడకుండా పోయి, మూడు దార్లు కలిసే చోట పోసిరా."

అతను గుమ్మం దిగి నాలుగడుగులు వేసి ఆగిపోయాడు. ఊళ్ళో మూడు దార్లు కలిసే చోటంటే ఇంకెక్కడుంది? సాయంత్రం అంత రభస జరిగాక, ఆ చారల మీద మళ్ళీ ఎర్రనీళ్ళా? పళ్ళెం పట్టుకుని ఇటూ అటూ తిరిగాడు. ఆఖరికి ఒక ఉపాయం తోచింది. తన ఆఫీసు గేటు ముందు ఒక సందు వచ్చి రోడ్డులో కలుస్తుంది. లెక్కకి అవీ మూడు దార్లే. అక్కడ గుమ్మరించి, వెనక్కి చూడకుండా ఇంటికొచ్చి, హాయిగా నిద్రపోయాడు.

సోమవారం పొద్దున కూడలికి వెళ్ళి చూస్తే, అంతోనమ్మ టీచరు వెనక పిల్లలు బారులు తీరి చారల మీద దాటుతున్నారు. పుల్లమ్మ మనవరాలి చేతిలో కొత్త పలక ఉంది. జగన్నాథరావు ఛాతీ మళ్ళీ ఉబ్బింది. అదే ఊపులో ఆఫీసుకి వెళ్ళాడు. గేటు దగ్గర మట్టి మీద ఎర్రటి మరక ఎండి ఉంది. ఆగాడు. ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసి, పంచె ఎగ్గట్టుకుని, పక్కన కంచె సందులోంచి లోపలికి దూరాడు.

లోపల నిటారుగా నిలబడి చొక్కా దులుపుకుంటుంటే వెనక కంచె మళ్ళీ గరగరలాడింది. తలపాగాకి పట్టుకున్న ముళ్ళు తీసుకుంటూ ఏసోబు లోపలికొచ్చాడు.

"నమస్కారం సార్" అన్నాడు.